చలికాలం ఉన్న అక్షరం

ఆ ఏడు జనవరిలో కేర్ వర్కర్ల జాతీయ పరీక్ష రాసి మార్చిలో పాసయ్యాను. ఆ పాసు వెనక షిగెనో గారనే పెద్దావిడ కడుపునొప్పి ఉంది. ఆ నొప్పిని రెండు నెలల ముందే ఆపించగలిగిన మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. ఇప్పటికీ ఎవరైనా "మా అక్షరాలు మాకంటే బాగా రాస్తావమ్మా హర్నీ" అంటే నా మొహం మాడిపోతుంది. సిగ్గుపడుతున్నాననుకుంటారు.

నాది జావా. జపాన్‌లో, షింజో ఊళ్ళో ఒక వృద్ధాశ్రమంలో చేరి అప్పటికి నాలుగో చలికాలం. పరీక్ష తప్పితే పెట్టె సర్దుకుని విమానం ఎక్కాలి. మాట్లాడ్డానికి ఇబ్బంది లేదు, నాది ఊరుకునే నోరు కాదు. అక్షరాలే నా ప్రాణం తోడేసేవి, ఒక్కో మాటకి ఒక్కో బొమ్మలాంటి అక్షరం. మా దగ్గర రికార్డు ఇంకా చేత్తోనే రాయాలి. ఒక్కొక్కరికి రోజుకో పేజీ, పేజీకి రెండు గళ్ళు. ఒక గడిలో ఆ మనిషి నోటితో అన్నది, రెండో గడిలో మేం కంటితో చూసింది. తప్పు రాస్తే హెడ్ నర్సు సుగవారా గారు ఎర్ర పెన్నుతో చుట్టి మళ్ళీ రాయించేది. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. 'విశేషమేమీ లేదు' అన్నది వాళ్ళ రాతలో నాలుగే నాలుగు అక్షరాలు, కళ్ళు మూసుకుని రాయగలను. ఎవరికి మోకాలు పట్టేసినా, ఎవరికి ముద్ద దిగకపోయినా, గుర్తుంటే నర్సు గారికి నోటితో చెప్పి, పేజీలో ఆ నాలుగూ గీకి చేతులు దులుపుకునేదాన్ని.

డిసెంబరులో మొదటి మంచు పడ్డ వారం, మధ్యాహ్నం విరామంలో షిగెనో గారి గదిలో కూచుని 'నొప్పి' అక్షరం దిద్దుకుంటున్నాను. ఆవిడ గదిలో హీటరు బాగా పనిచేస్తుంది, అదీ అసలు కారణం. ఆవిడకి ఎనభై ఎనిమిదేళ్ళు. పిడికెడు మనిషి. నా పుస్తకంలోకి తొంగి చూసి కిసుక్కున నవ్వింది.

"ఏమే హర్ని పిల్లా, మంచం మీద మనిషిని అలా కింద పడేశావేంటే?"

"మంచమేంటండీ?"

"ఆ బయటి చట్రం చూడు. రోగాల అక్షరాలన్నిటికీ అదే చట్రం. మంచాన పడ్డ మనిషట. లోపల ఏ గుర్తు పెడితే ఆ బాధ. గొర్రెను పెట్టావనుకో, దురద. చలికాలాన్ని పెట్టావనుకో, సలుపు."

"చలికాలాన్నా?"

"లోపల కూచున్నాక ఇక లేవదు కదే. సరిగ్గానే పెట్టారు."

పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, వణికే చేత్తోనే అచ్చు వేసినట్టు రాసి చూపించింది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే అప్పుడు చెప్పింది. వాళ్ళాయనకి చూపు లేదట. సూదులు గుచ్చి, మూలికలు కాల్చి వైద్యం చేసేవాడట. వచ్చినవాళ్ళ నొప్పి అడిగి కార్డు మీద రాయడం, మళ్ళీ వచ్చినప్పుడు ఆ కార్డు చదివి ఆయనకి వినిపించడం ఈవిడ పని. నలభై రెండేళ్ళు రాసిందట.

"నొప్పిగా ఉందండీ అంటే మా ఆయన కసిరేవాడు. నొప్పి అని అందరూ అంటారు, అది ఏం చేస్తోందో అడుగు, అనేవాడు."

నా పరీక్షకి కావలసింది సరిగ్గా అదే. ముసలివాళ్ళు నొప్పిని ఏ మాటతో చెబుతారో, ఆ మాటకి ఎక్కడ ఏం నొప్పో తెలియాలి. మా ట్రైనింగు బళ్ళో ఆ మాటలన్నీ పట్టికలా ఇచ్చారు గాని నాకు అన్నీ ఒక్కలాగే వినిపించేవి. షిగెనో గారి దగ్గర ఒక్కో మాట ఒక్కో మనిషై వచ్చి కూచునేది.

రోజుకో రోగి. చేపల కొట్టు ఆవిడకి వేలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది, నాడి కొట్టుకున్నట్టు పోటు పెడుతుంది, అది జుకిజుకి. రైల్వే గుమాస్తాకి ఉన్ని చొక్కా వేసుకుంటే ఒళ్ళంతా సన్నగా గుచ్చుతుంది, అది చికుచికు. పోస్టుమాస్టరు భార్యకి కడుపులో ఎవరో పట్టుకుని మెలితిప్పుతారు, అది కిరికిరి. ఆవిడ ఊరికే చెప్పేది కాదు, ఆడి చూపించేది. చేపల కొట్టు ఆవిడ గొంతుతో తిట్టేది, గుమాస్తాలా గోక్కునేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని, నవ్వుతూనే తారీఖు వేసి పుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ తర్వాత ఆవిడ రికార్డు పేజీ తీసి, విశేషమేమీ లేదు.

డిసెంబరు సగం దాటేసరికి రోగులందరికీ కడుపే నొప్పి. నేను ఒకరోజు ఎగతాళి కూడా చేశాను.

"మీ ఆయన దగ్గరికి కడుపునొప్పి వాళ్ళు తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కాదా ఏంటండీ?"

"ఈ ఊళ్ళో అందరికీ కడుపేనే. చలికాలమంతా ఊరగాయలు పెట్టుకు తింటే ఏమవుతది మరి?"

ఆ రోజు మాట షికుషికు. చిన్నపిల్ల మూల కూచుని సన్నగా, ఆపకుండా ఏడుస్తుందే, అలాంటి నొప్పి. ఎవరిదండీ అంటే కాసేపు ఆలోచించి, "కల్లు కొట్టు... కాదు, సారా బట్టీ వాళ్ళ పెద్ద కోడలు" అంది. నేను 'సారా బట్టీ కోడలు' అని రాసుకున్నాను. ఇంత తెలివిగలదాన్ని.

కొత్త సంవత్సరానికి సెండై నుంచి కూతురు యొషిమి గారు ఒక్కర్తే వచ్చింది. మనవరాలు కొహరు రాలేదు, యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలు. జనవరిలో ఒకటి, ఫిబ్రవరి ఇరవై అయిదున అసలుది. పరీక్ష రాసే పిల్ల ఉన్న ఇంట్లో 'జారడం', 'పడటం' అన్న మాటలు ఎత్తరు ఇక్కడ. యొషిమి గారి బూట్లకి మంచు అంటుకుని ఉంటే నేను "మెల్లిగా అండీ, జారు..." అనబోయాను. షిగెనో గారు మంచం మీంచే నన్ను కళ్ళతో నమిలేసింది.

"నాన్న కార్డులన్నీ హర్నికి చెప్పేస్తున్నానే" అని కూతురితో గొప్పలు పోయింది. కూతురు ఎలా ఉన్నావమ్మా అని అడిగింది. బాగున్నానంది. బియ్యపు ముద్దల పులుసు రెండు గుటకలు తాగి, రుచిగా ఉందని మెచ్చుకుని, గిన్నె పక్కన పెట్టేసింది. యొషిమి గారు వెళ్తూ వెళ్తూ వేడి పొట్లాల పెట్టె ఒకటి ఇచ్చింది. విప్పి బట్టకి అంటిస్తే సగం రోజు వెచ్చగా ఉంటాయే, అవి. "అమ్మ అడిగింది, నడుం చల్లగా ఉంటోందట" అని నాతో చెప్పింది.

జనవరి చివరి ఆదివారం నా పరీక్ష అయిపోయింది. నొప్పి మాటల మీద వచ్చిన ప్రశ్నలు చకచకా రాసేశాను. మర్నాడు ఎగురుకుంటూ వెళ్ళి షిగెనో గారికి చెప్పాను.

"ఇక మీకు శ్రమ లేదండీ. పాఠాలు అయిపోయాయి."

"అలాగా," అంది. "అయిపోయాయా."

రెండు రోజుల తర్వాత దుప్పటి మారుస్తుంటే, "ఇంకొకడు గుర్తొచ్చాడే. రంపపు మిల్లు వాడు. వాడికి ముందు నుంచి వెనక్కి..." అని మొదలుపెట్టింది.

"రేపు వింటానండీ," అన్నాను.

నాలుగు నెలలుగా నిద్రలేదు నాకు. పరీక్ష అయిపోయిన ఒళ్ళు బద్ధకం మరిగింది. ఆ రేపు వారం రోజులు సాగింది. ఆవిడ మళ్ళీ ఒకటి రెండుసార్లు రంపపు మిల్లు వాడి పేరెత్తి, నా మొహం చూసి, ఊరుకుంది.

ఫిబ్రవరి మొదటి వారంలో స్నానాల పని నాకు పడింది. షిగెనో గారిని కుర్చీలో కూచోబెట్టి తువ్వాలు తీశాను. రొమ్ముల కింద, కడుపు పైభాగంలో, అరచేయంత నలుచదరపు ఎర్రటి మచ్చ. మధ్యలో నీటి పొక్కు. వీపు కడగడానికి వెనక్కి వెళితే అక్కడా అదే ఎత్తులో ఇంకో నలుచదరం. వేడి పొట్లాలు బట్టకి కాకుండా నేరుగా ఒంటికి అంటించుకుంది. ముందొకటి, వెనకొకటి.

నా చేతిలో నీళ్ళ మగ్గు అలాగే ఉండిపోయింది. ముందు నుంచి వెనక్కి. రంపపు మిల్లు వాడు.

"వాడికి ఎలా ఉండేదండీ?" అన్నాను.

ఆవిడ నా వైపు చూడలేదు. "చేపను కాల్చడానికి పుల్ల గుచ్చుతాం చూడు, అలాగ. వెల్లకిలా పడుకుంటే చస్తాడు. ముందుకు ముడుచుకుంటే కాస్త నయం."

ముందుకు ముడుచుకునే కూచుని ఉంది అప్పుడు. ఎముకలన్నీ లెక్కపెట్టేలా ఉన్నాయి. డిసెంబరు నుంచి వచ్చిన చేపల కొట్టు ఆవిడా, పోస్టుమాస్టరు భార్యా, సారా బట్టీ కోడలూ అందరూ ఒక్కసారి నా ముందు వరసకట్టారు. తల తీసి మొలేసినట్టయింది నాకు.

"నర్సు గారికి చెబుతాను, ఇప్పుడే," అన్నాను.

తడి చేత్తో నా ముంజేయి పట్టుకుంది. పిడికెడు మనిషికి అంత పట్టు ఎక్కడిదో.

"ఇరవై అయిదు దాటనివ్వవే. నన్ను ఆస్పత్రిలో వేశారనుకో, కొహరు వాళ్ళమ్మ పరిగెత్తుకొస్తది. పిల్ల మనసు చెదురుతది. మూడేళ్ళ నుంచి చదువుతోందే అది. ఇన్నాళ్ళు ఓర్చినదాన్ని, ఇంకొన్నాళ్ళు ఓర్చలేనా?"

నేను ఏం చేశానో చెబుతాను. నోటితో అన్న గడి ఖాళీగా వదిలేసి, కంటితో చూసిన గడిలో కాలిన మచ్చల గురించి రాశాను. ఎటూ పాపం తగలకుండా మధ్యేమార్గం అనుకున్నాను. సుగవారా గారు వచ్చి మందు రాసింది, కట్టు కట్టింది, పొట్లాల పెట్టె పట్టుకుపోయింది. ఇక ఈవిడకి వేడి పొట్లాలు ఇవ్వకూడదని గోడ మీద కాగితం అంటించింది. ఆ నొప్పికి ఆవిడకున్న ఒకే ఒక్క మందు అది. నేనే తీయించేశాను.

మూడు రోజులు చూశాను. పొద్దున వెళ్ళేసరికి దిండు ఒళ్ళో పెట్టుకుని దాని మీదికి వంగి కూచుని ఉండేది. పక్క నలిగి ఉండేది కాదు. మూడో రోజు ఇక తట్టుకోలేక సుగవారా గారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. ఇరవై అయిదు సంగతి ఒక్కటే దాచాను. ఆవిడ మంచి నర్సు, నేను లేనిపోని మాట అనను. విన్న వెంటనే లేచి, మొహాల బొమ్మల అట్ట పట్టుకుని వచ్చింది. నవ్వే మొహం నుంచి ఏడ్చే మొహం దాకా ఆరు బొమ్మలు.

"షిగెనో గారూ, మీ కడుపు ఎలా ఉందో వేలు పెట్టి చూపించండి."

షిగెనో గారు కళ్ళద్దాలు తెప్పించుకుని, అన్ని బొమ్మలూ శ్రద్ధగా చూసి, మొట్టమొదటి నవ్వే మొహం మీద వేలు పెట్టింది.

"ఎవరికే నొప్పి? ఈ వయసులో అన్నం కాస్త తగ్గుతది, అంతే."

"అబద్ధం!" అన్నాను నేను. అలా అనకూడదు. మా చోట ఒక పెద్దావిడ మొహం మీద ఆ మాట ఎవరూ అనరు.

సుగవారా గారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. కోప్పడలేదు, అదే నాకు ఇంకా మంట.

"నీ భాష బాగా మెరుగుపడింది హర్నీ, నేను కాదనను. కానీ ఆవిడ పాత రోగుల ముచ్చట్లు చెబుతుంటే అవి ఆవిడ నొప్పులే అనుకున్నావేమో. మా పెద్దవాళ్ళ మాట పట్టుకోవడం మాకే కష్టం."

"కాదండీ, ముందు నుంచి వెనక్కి..."

"ఆవిడే లేదంటోంది కదా. లేదన్న మనిషిని నేను ఆస్పత్రికి ఎలా పంపను? పై వారం డాక్టరు వస్తారు, చూపిద్దాం."

పై వారం డాక్టరు వచ్చాడు. ఆయనతోనూ నవ్వుతూ మాట్లాడింది. అరుగుదల బిళ్ళలు రాసి వెళ్ళాడు.

నొప్పికి ఎన్ని మాటలున్నాయో అన్నీ వచ్చు నాకు అప్పటికి. మెలితిప్పేది, సలిపేది, చురుక్కుమనేది, గుచ్చేది, లాగేది. ఒక్కటీ ఎవరికీ అందలేదు. పనికీ పనికీ మధ్య అయిదు నిమిషాలు దొరికితే ఆవిడ వీపు మీద నా అరచేయి ఆనించి కూచునేదాన్ని. వెచ్చగా ఉందనేది. బయట మంచు కిటికీ సగం దాకా వచ్చింది. నాకు ఏడుపొస్తే, "నువ్వెందుకే ఏడుస్తావు, నీ పరీక్ష అయిపోయిందిగా" అని ఎత్తిపొడిచేది. ఇరవై ఒకటి. ఇరవై రెండు. నేను ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా ఆ అంకెలే లెక్కపెట్టేదాన్ని. ఆ రోజులు త్వరగా గడవాలని కోరుకోవాలో, వద్దో కూడా తెలియలేదు.

ఇరవై అయిదు సాయంత్రం నాలుగున్నరకి షిగెనో గారు నా చేత కొహరు నంబరు కొట్టించుకుని ఫోను చెవికి పెట్టుకుంది.

"ఎలా రాశావే నా తల్లీ?... అంత సులువా? అయితే నీకే వస్తది... నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. మంచు కరిగాక రా. సరే, వెళ్ళి కడుపునిండా తిని పడుకో."

మొహం నిండా నవ్వే. ఫోను నా చేతికిచ్చింది. తర్వాత దిండు మీదికి వంగి, నేనెప్పుడూ ఆవిడ నోట వినని ఒక మూలుగు మూలిగింది.

"రాయవే ఇక," అంది.

"ఏమని రాయమంటారు?"

"అన్నీ. పోయిన నవంబరు నుంచి."

రికార్డు పుస్తకం తెచ్చి, ఆవిడ నోటితో అన్న గడి తెరిచి, చెప్పింది చెప్పినట్టు రాశాను. పుల్ల గుచ్చినట్టని, మెలితిప్పుతుందని, వెల్లకిలా పడుకోలేనని. చలికాలం ఉన్న అక్షరం కూడా రాశాను. గడి చాలక పేజీ వెనక్కి తిప్పాను. ఆ రాతలో సుగవారా గారి ఎర్ర పెన్ను ఒక్కచోట కూడా పడలేదు. ఆవిడ చదివి, నా మొహం చూడకుండా అంబులెన్సుకి ఫోన్ చేసింది.

క్లోమంలో క్యాన్సరట. అప్పటికే అంతటా పాకింది. ఆస్పత్రిలో ఇచ్చిన మందుకి రెండో రోజుకల్లా నొప్పి తగ్గి, వెల్లకిలా పడుకుని నిద్రపోయిందని విన్నాను. మూడు వారాలు అలా ఉండి మార్చిలో పోయింది. కొహరుకి సీటు వచ్చిన సంగతి తెలుసుకునే పోయింది. అక్కడి డాక్టరు అన్న మాట సుగవారా గారు వంటగది పక్కన నిలబడి నాకు చెప్పింది.

"డిసెంబరులో తెచ్చినా రోగం ఆగేది కాదన్నారు. నొప్పి మాత్రం ఆ రోజే ఆపేవాళ్ళమన్నారు."

తర్వాత, "నీ మాట వినాల్సింది," అంది. నా మాట ఆవిడ వినలేదు సరే, డిసెంబరులో నేనెవరి మాట విన్నాను?

మార్చి ఆఖరున గది ఖాళీ చేయడానికి యొషిమి గారు కూతురిని తీసుకుని వచ్చింది. స్టాఫుకని మిఠాయి పెట్టె ఇచ్చి, నడుం వంచి దండం పెట్టింది. ఆ వారమే నా రిజల్టు వచ్చింది, అందరూ ఆవిడ ముందే నన్ను మెచ్చుకున్నారు. కొహరు గదిలో బట్టలు మడతపెడుతుంటే, యొషిమి గారు నన్ను వరండా చివరికి తీసుకెళ్ళి అడిగింది.

"హర్ని గారూ, అమ్మకి ఎప్పటి నుంచండీ?"

"డిసెంబరులో నాతో అనడం మొదలుపెట్టారు. అంతకుముందు నుంచే ఉందట."

"కొత్త సంవత్సరానికి నేనొచ్చినప్పుడు కూడానా?"

"కూడా."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

చెప్పాను. స్నానాల గది, ఇరవై అయిదు, ఫోను, అన్నీ. నా తప్పు కూడా దాచకుండా చెప్పాను. నన్ను తిడితే బావుండుననుకున్నాను. ఆవిడ తిట్టలేదు. గోడకి ఆనుకుని, పొట్లాల పెట్టె ఇచ్చిన తన రెండు చేతుల వైపూ చూసుకుంది.

అప్పుడే కొహరు గదిలోంచి బయటికొచ్చింది. పొడుగాటి పిల్ల, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. చేతిలో అమ్మమ్మ స్వెటరు.

"మీరే కదా హర్ని గారు? అమ్మమ్మ ఫోనులో ఎప్పుడూ మీ గురించే చెప్పేది. నాకొక్కటి చెప్పండి. నా పరీక్ష రోజు చాలా హుషారుగా మాట్లాడింది. అప్పటికి నొప్పి లేదు కదా? ఎప్పుడైనా నొప్పి అని అన్నదా?"

ఆ పిల్ల భుజం మీదుగా వాళ్ళమ్మ నన్నే చూస్తోంది. తల అడ్డంగా, ఉందో లేదో అన్నంతగా ఊపింది.

"లేదమ్మా," అన్నాను. "ఒక్కసారి కూడా అనలేదు."

నాలుగేళ్ళుగా నేర్చుకున్న భాషలో, ఎక్కడా తడబడకుండా, ఒక్క తప్పు కూడా లేకుండా చెప్పాను.